వెంట్రుకలో మూడో వంతు... గురి మారిపోతుంది!

రైఫిల్ షూటింగ్ అంటే చూపు, ఊపిరి, వేలు... అంతే అనుకుంటాం. కానీ తూటా మెడ దగ్గర వెంట్రుకవాసి తేడా ఉన్నా, ఎంత గొప్ప షూటర్‌కైనా గురి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఆ తేడాని సరిచేసేది వేలంత ఉక్కు కడ్డీ. పేరు మాండ్రెల్. ఫర్హాబాద్ వేట రోజుల నుంచి ఇప్పటి షూటింగ్ రేంజ్‌ల దాకా... ఇత్తడి చెప్పే కొలతల ముచ్చట ఇది.

గద్వాల కానివ్వండి, వనపర్తి కానివ్వండి, నాగర్‌కర్నూల్ కానివ్వండి... ఎన్‌సీసీ క్యాంపుకి వెళ్లొచ్చిన పిల్లల్ని అడిగి చూడండి. ఫైరింగ్ పూర్తయ్యాక అందరూ నేలమీద వంగి వెతికేది దేనికోసమో చెబుతారు. ఖాళీ కేసుల కోసం! ఎన్ని తూటాలు ఇచ్చారో అన్ని ఖాళీ కేసులూ లెక్కపెట్టి అప్పగించాలి. ఒక్కటి తగ్గినా గడ్డిపోచల్ని పక్కకి తోసి మరీ వెతికిస్తారు.

పేలిపోయిన దానికి అంత విలువేంటీ అనిపిస్తుంది. లెక్క తప్పకూడదన్నది ఒక కారణం. ఇంకో సంగతీ ఉంది. తూటాలో ఖర్చయిపోయేవి మందుగుండు, బుల్లెట్, నిప్పు రాజేసే ప్రైమర్. ఇత్తడి కేసు మాత్రం అలాగే మిగులుతుంది. పెద్ద రైఫిళ్ల కేసునైతే శుభ్రం చేసి, మెడ సరిచేసి, మళ్లీ నింపి కాల్చొచ్చు. దీన్నే రీలోడింగ్ అంటారు. అమెరికా, యూరప్‌లలో లక్ష్యం మీద గురిపెట్టే ఆటగాళ్లు చాలామంది తమ తూటాలు తామే తయారు చేసుకుంటారు. ఎన్‌సీసీ పిల్లలు కాల్చే .22 కేసు మాత్రం అలా పనికిరాదు. దాన్లో నిప్పు రాజేసే రసాయనం కేసు అంచులోనే ఉంటుంది. సుత్తి దెబ్బకి ఆ అంచు నొక్కుకుపోతుంది. కాబట్టి దాని కథ ఒక్క దెబ్బతో సరి.

బుల్లెట్ అంటే కొసన ఉండేదే!

మనం మాటల్లో మొత్తం తూటానే బుల్లెట్ అనేస్తాం. నిజానికి బుల్లెట్ అంటే కొసన కూర్చుని ఉండే ముక్క మాత్రమే. దాన్ని పట్టుకుని ఉండేది ఇత్తడి కేసు. సీసాకి మెడ ఉన్నట్టే రైఫిల్ కేసుకీ పైన సన్నటి మెడ ఉంటుంది. బుల్లెట్ కూర్చునేది అందులోనే. మెడ ఎంత గట్టిగా పట్టుకుంటే బుల్లెట్ అంత బిగువుగా ఉంటుంది. షూటర్లు దీన్ని నెక్ టెన్షన్ అంటారు. మన మాటలో మెడ బిగువు.

గద్వాల మగ్గాల దగ్గర బిగువు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసే చీర కదా! పడుగు ఒకచోట బిగువుగా, ఇంకోచోట వదులుగా ఉంటే బట్ట సాపుగా రాదు. మరీ బిగిస్తే పోగు తెగుతుంది. తూటా మెడ కూడా అంతే. వంద తూటాలకీ బిగువు ఒకేలా ఉండాలి. ఒకటి బిర్రుగా, ఇంకోటి వదులుగా ఉంటే ఒక్కో బుల్లెట్ ఒక్కోలా బయటికొస్తుంది. వేగం మారుతుంది. దాంతో దెబ్బ తగిలే చోటూ మారుతుంది.

ఎంత తేడా గురించి మాట్లాడుతున్నాం? అంగుళంలో వెయ్యో వంతు! లేతు మెషిన్ల దగ్గర దీన్ని థౌ అంటారు. అంటే 0.025 మిల్లీమీటరు. మన తలవెంట్రుకలో దాదాపు మూడో వంతు. పట్టుకాయ నుంచి తీసిన ఒంటి పోగు ఎంత ఉంటుందో సుమారుగా అంత. తూటా మెడ లెక్కలన్నీ ఇలాంటి రెండు మూడు పోగుల మందంలోనే తేలిపోతాయి.

ఫర్హాబాద్ కాలం... వానాకాలం పగుళ్లు

ఇత్తడి తూటా మన ప్రాంతానికి కొత్తేం కాదు. నాగర్‌కర్నూల్ జిల్లా మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్తే ఫర్హాబాద్ వస్తుంది. ఇప్పుడక్కడికి జనం లోయ అందాలు చూడ్డానికి, వీలైతే పులిని చూడ్డానికి వెళ్తున్నారు. నిజాంల కాలంలో అది వేట విడిది. పాలమూరుకి మహబూబ్‌నగర్ అన్న పేరు తెచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి పులుల వేటగాడిగా పెద్ద పేరు. ఆ రోజుల్లో వేటగాళ్ల తూటాలు ఎక్కువగా ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చేవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి ఆ వేటకి తెర దించింది. వేట అడవి కాస్తా ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో భాగం.

ఆ కాలంలోనే బ్రిటిష్ ఇండియా సైన్యానికి ఓ వింత సమస్య ఎదురైంది. వానాకాలంలో యుద్ధాలూ, కవాతులూ తక్కువ. తూటాల పెట్టెల్ని తీసుకెళ్లి గుర్రపుశాలల్లో భద్రపరిచేవాళ్లు. వానలు తగ్గాక తీసి చూస్తే చాలా తూటాలు పగిలిపోయి కనిపించేవి! ఎవరూ ముట్టుకోలేదు, కాల్చలేదు. మరి పగులు ఎలా వచ్చింది? వానల రుతువులో వస్తుంది కాబట్టి దానికి ఇంగ్లిష్‌లో సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టేశారు. కారణం మాత్రం చాన్నాళ్లు తెలియలేదు.

1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ ముడి విప్పారు. నేరం గుర్రాలదీ, ఇత్తడిదీ కలిపి! గుర్రాల మూత్రం నుంచి అమ్మోనియా వాయువు వస్తుంది. తూటా కేసుని రేకు నుంచి సాగదీసి, నొక్కి తయారు చేస్తారు. ఆ నొక్కుడు తాలూకు ఒత్తిడి లోహంలో అలాగే దాగి ఉండిపోతుంది. ఒత్తిడిలో ఉన్న ఇత్తడికి అమ్మోనియా తగిలితే పగులుతుంది. బుల్లెట్‌ని బిగించి పట్టుకున్న చోట ఒత్తిడి ఎక్కువ కాబట్టి దెబ్బ అక్కడే పడేది. మందు కూడా వాళ్లకి దొరికింది. కేసుని వేడిచేసి లోపలి ఒత్తిడిని వదిలిస్తే సరి.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే... ఇత్తడి చూడ్డానికి నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది కానీ, దానికి చేసిందంతా లోపల దాచుకుంటుంది. ఈ ఒక్క గుణమే మాండ్రెల్ ఎంపికనీ, కొలతనీ నడిపిస్తుంది.

మెడలోకి దూరే కడ్డీ

తూటా కేసుల ఇత్తడిలో 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉంటాయి. తూటా పేలగానే లోపల పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. .308 విన్‌చెస్టర్ అనే ప్రసిద్ధ తూటానే తీసుకుందాం. 1952 నుంచి వాడుకలో ఉంది. దానికి అమెరికా తయారీదారుల ప్రమాణం ప్రకారం గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. మన కారు టైర్లో గాలి 32 పౌండ్లు ఉంటుందనుకుంటే, దానికి దాదాపు 2 వేల రెట్లన్నమాట! ఆ దెబ్బకి కేసు ఉబ్బి రైఫిల్ గది గోడలకి అంటుకుంటుంది. మళ్లీ కాస్త వెనక్కి తగ్గుతుంది. కానీ మెడ మాత్రం మునుపటంత సన్నగా ఉండదు. కొత్త బుల్లెట్‌ని పెడితే జారి లోపల పడిపోతుంది.

అందుకే కాల్చిన కేసు మెడని ముందు బయటి నుంచి నొక్కి సన్నబరుస్తారు. దీనికి వాడే అచ్చుని డై అంటారు. ఇక్కడే చిక్కొస్తుంది. కేసు మెడ గోడ అంతటా ఒకే మందంలో ఉండదు. ఓ పక్క 14 థౌలుంటే మరో పక్క 15 ఉండొచ్చు. బయటి నుంచి నొక్కితే బయటి భాగం గుండ్రంగా వస్తుంది. హెచ్చుతగ్గులన్నీ లోపలికి పోతాయి. బుల్లెట్ కూర్చునేది లోపలే కదా!

ఇప్పుడు మాండ్రెల్ రంగంలోకి దిగుతుంది. నున్నగా సానపట్టిన ఉక్కు కడ్డీ అది. కొసన కాస్త కోసుగా ఉంటుంది. డైలో కావలసినదానికన్నా ఓ రవ్వ ఎక్కువ సన్నబరిచిన మెడలోకి దీన్ని పైనుంచి నిటారుగా దింపి తీస్తారు. దాంతో మెడ లోపలి భాగం కడ్డీ కొలతకి గుండ్రంగా తెరుచుకుంటుంది. హెచ్చుతగ్గులు బయటికి నెట్టుకుపోతాయి. బజార్లో కంసాలి పని చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. బిగుతైన ఉంగరాన్ని కోసుగా ఉన్న ఇనుప కడ్డీకి తొడిగి సైజు పెంచుతారు చూశారా... అదే సూత్రం. కాకపోతే అక్కడ వేలికి సరిపోతే చాలు. ఇక్కడ పట్టుపోగు మందం కూడా లెక్కే.

మామూలు డైలలో కూడా మెడని తెరవడానికి మధ్యలో ఓ చిన్న బొడిపె ఉంటుంది. కేసుని కిందికి లాగేటప్పుడు అది మెడలోంచి ఈడ్చుకుంటూ వస్తుంది. సరిగా నూనె పట్టకపోతే మెడ ఓ పక్కకి వంగుతుంది, సాగుతుంది. మాండ్రెల్ ఆ పనిని విడిగా, నెమ్మదిగా, తిన్నగా చేస్తుంది. దూరపు గురి చూసుకునేవాళ్లు దీనివైపు మొగ్గేది అందుకే.

ఏ సైజు తీసుకోవాలి?

మొదటి సూత్రం... తూటా పేరు చూసి కొనకూడదు. పేరు వేరు, బుల్లెట్ కొలత వేరు. పాత పోలీసు రైఫిల్ .303నే చూడండి. దాని బుల్లెట్ వ్యాసం 0.303 అంగుళం కాదు, 0.311 దాటి ఉంటుంది! 6 మిల్లీమీటర్ల రకాలకి 0.243, 6.5 రకాలకి 0.264, 7 రకాలకి 0.284, .308కి 0.308 అంగుళం బుల్లెట్లు వాడతారు. కాబట్టి ముందు చేతిలో ఉన్న బుల్లెట్‌ని కొలవాలి.

రెండో సూత్రం... ఎంత బిగువు కావాలో తేల్చుకోవాలి. మెడ లోపలి వ్యాసం బుల్లెట్ కన్నా ఎంత తక్కువుంటే అంత బిగువు. లక్ష్యం మీద ఒక్కొక్కటిగా గుండు పెట్టి కాల్చేవాళ్లకి ఒకటి రెండు థౌలు చాలు. మ్యాగజైన్‌లోంచి దూసుకొచ్చే తూటాకి కుదుపులెక్కువ. దానికి ఇంకాస్త బిగువు కావాలి.

మూడోదే అసలు కిటుకు. ఇత్తడికి పాత రూపం గుర్తుంటుంది! మాండ్రెల్ బయటికి రాగానే మెడ కాస్త వెనక్కి ముడుచుకుంటుంది. వర్క్‌షాపుల్లో దీన్ని స్ప్రింగ్ బ్యాక్ అంటారు. సాధారణంగా ఇది అర థౌ నుంచి ఒక థౌ దాకా ఉంటుంది. ఓ చిన్న లెక్క చూద్దాం. బుల్లెట్ 0.308 అంగుళం. రెండు థౌల బిగువు కావాలి. అంటే మెడ లోపల 0.306 ఉండాలి. అలాగని 0.306 మాండ్రెల్ తీసుకుంటే? మెడ వెనక్కి ముడుచుకుని 0.3055కో, 0.305కో వస్తుంది. బిగువు రెండున్నర నుంచి మూడు థౌలైపోతుంది. కాబట్టి తీసుకోవలసింది 0.3065 లేదా 0.307. అర థౌ తేడాతో వరసగా మాండ్రెళ్లు అమ్మేది అందుకే.

ఈ రెండింట్లో ఏది సరైందో కేటలాగు చెప్పలేదు. కేసు ఏ కంపెనీది, మెడ గోడ ఎంత మందం, ఎన్నిసార్లు కాల్చారు... ఇవన్నీ స్ప్రింగ్ బ్యాక్‌ని మార్చేస్తాయి. ఒకే కంపెనీవి, ఒకే సంఖ్యలో కాల్చినవి ఐదు కేసులు పక్కన పెట్టుకోవాలి. ఒక్కో మాండ్రెల్‌తో సరిచేసి మెడ లోపల కొలిచి రాసుకోవాలి. అప్పుడు జవాబు ఇత్తడే చెబుతుంది.

వనపర్తి ప్యాలెస్‌లో పాఠం

కొలవడం అంటే ఏదో ఒక స్కేలు పెట్టేయడం కాదు. వనపర్తి సంస్థానాధీశుల ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ కాలేజీ నడిచిందని మన జిల్లాల్లో అందరికీ తెలిసిందే. మెకానికల్ డిప్లొమా చదివిన ఎవర్నడిగినా లీస్ట్ కౌంట్ అన్నమాట చెబుతారు. పరికరం చూపించగలిగే అతి చిన్న కొలత అది. మామూలు వెర్నియర్ కాలిపర్స్‌ లీస్ట్ కౌంట్ 0.02 మిల్లీమీటరు. ఒక థౌ అంటే 0.025. ఆ రెండూ దాదాపు సమానం! ఇక దాంతో అర థౌని పట్టుకోవాలనుకోవడం బస్తాలు తూచే కాటాలో బంగారం తూచడమే. మాండ్రెల్‌ని కొలవాలంటే అంగుళంలో పదివేల వంతు చూపే మైక్రోమీటర్ కావాలి.

పరికరం ఉంటే సరిపోదు, పద్ధతీ ఉండాలి. మాండ్రెల్‌ మీదా, మైక్రోమీటర్ దవడల మీదా నూనె, దుమ్ము లేకుండా తుడవాలి. దవడలు మూసి సున్నా సరిగ్గా చూపిస్తుందో లేదో చూడాలి. వేలి బలంతో కాకుండా వెనకాల ఉండే రాచెట్‌తోనే బిగించాలి. కడ్డీ పొడవునా మూడు చోట్ల, ఒక్కోచోట అడ్డంగా ఒకసారి, దానికి లంబంగా ఇంకోసారి కొలవాలి. అన్నీ కలిస్తే కడ్డీ గుండ్రంగా, ఒకే మందంగా ఉన్నట్టు. మీద 0.3065 అని చెక్కి ఉన్నా, చేతికొచ్చిన అంకె వేరే అయితే పుస్తకంలో రాసుకోవలసింది చేతికొచ్చిందే.

పాలమూరు ఎండలకి ఉక్కు వ్యాకోచించదా అని అనుమానం రావచ్చు. మంచి ప్రశ్నే! కొలతలకి ప్రపంచమంతా ఒప్పుకున్న ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. 8 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ 20 డిగ్రీల వేడి పెరిగితే లావయ్యేది మిల్లీమీటరులో వెయ్యింట రెండు వంతులే. అంటే ఒక థౌలో పదో వంతు కూడా కాదు. పైగా మైక్రోమీటర్, కడ్డీ రెండూ ఒకే గదిలో కొన్ని గంటలుంటే రెండూ కలిసే పెరుగుతాయి. ఎండలోంచి తెచ్చి వెంటనే కొలవకపోతే చాలు.

మెడ లోపలి కొలత మరో పరీక్ష. కాలిపర్స్‌ లోపలి దవడలు చదునుగా ఉంటాయి. చిన్న గుండ్రటి రంధ్రంలో అవి గోడకి సరిగా ఆనవు. అసలు కన్నా తక్కువ చూపిస్తాయి. దీనికి పిన్ గేజ్‌లు మేలు. కచ్చితమైన కొలతతో ఉండే ఉక్కు పుల్లలివి. 0.3055 పుల్ల సాఫీగా దిగి, 0.306 పుల్ల దిగకపోతే రంధ్రం ఆ రెండింటి మధ్య ఉన్నట్టు. ఇందులో అంకెలు చదవడంలో పొరపాటుకి చోటే లేదు. దిగిందా, లేదా... అంతే!

మెడ గోడ మందాన్ని కొలవడానికి కొసన గుండు ఉండే బాల్ మైక్రోమీటర్ వాడతారు. చుట్టూ నాలుగు చోట్ల చూస్తే హెచ్చుతగ్గులు తెలిసిపోతాయి. ఈ కొలత ఇంకో పనికీ వస్తుంది. గోడ 14 థౌలైతే, రెండు పక్కలా కలిపి 28. దానికి బుల్లెట్ 0.308 కలిపితే నింపిన తూటా మెడ బయటి వ్యాసం 0.336 అంగుళం. రైఫిల్ గదిలో మెడ చోటు ఇంతకన్నా ఎక్కువ ఉండి తీరాలి. లేకపోతే పేలినప్పుడు మెడ విప్పారదు, బుల్లెట్‌ని వదలదు. పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. మెడ మరీ వదులైనా ముప్పే. కుదుపుకి బుల్లెట్ లోపలికి జారితే మందుకి చోటు తగ్గి అప్పుడూ పీడనం పెరుగుతుంది. అంటే కొలత తప్పితే పోయేది పతకం ఒక్కటే కాదు. చెంపకి ఆనించి ఉంచుకున్న రైఫిల్లో జరిగే వ్యవహారమిది.

కంచరి పొయ్యి రహస్యం

మొదటిసారి సరిపోయిన మాండ్రెల్ ఐదారుసార్లు కాల్చాక సరిపోకపోవచ్చు. తేడా కడ్డీలో కాదు, ఇత్తడిలో వస్తుంది. ప్రతిసారీ ఉబ్బడం, నొక్కించుకోవడంతో మెడ గట్టిపడుతుంది. గట్టిపడేకొద్దీ వెనక్కి ముడుచుకోవడమూ ఎక్కువవుతుంది. చివరికి పగుళ్లొస్తాయి. జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకుల మీద బొమ్మలు కొట్టే కళాకారుల్ని చూడండి. సుత్తి దెబ్బలకి రేకు బిరుసెక్కగానే పొయ్యిలో పెట్టి వేడిచేస్తారు. మెత్తబడ్డాక మళ్లీ కొడతారు. ఇనుప కత్తిలా కాదు ఇత్తడి... వేడిచేసి నీళ్లలో ముంచినా గట్టిపడదు, మెత్తగానే ఉంటుంది.

తూటా కేసులకీ ఇదే చికిత్స. కాకపోతే మెడ, భుజం వరకే క్షణాల మీద వేడి తగలాలి. అడుగు భాగం గట్టిగా ఉండి తీరాలి. పీడనాన్ని ఆపేది అదే. అడుగు మెత్తబడితే ఆ కేసు చెత్తబుట్టకే. సైన్యం తూటాల మెడ దగ్గర నీలి, గోధుమ రంగుల ఛాయ కనిపించేది ఈ వేడి వల్లే. గుర్రపుశాలల పగుళ్లు నేర్పిన పాఠం గుర్తులన్నమాట!

ఇంతా చేస్తే ఎంత లాభం?

లెక్క వేద్దాం. సెకనుకి 820 మీటర్ల వేగంతో బయల్దేరిన బుల్లెట్ 300 మీటర్లు దాటడానికి దాదాపు 0.4 సెకను పడుతుంది. ఆ కాస్త సమయంలోనే భూమ్యాకర్షణకి 80 సెంటీమీటర్ల దాకా కిందికి దిగుతుంది. వేగం ఒక్క శాతం తగ్గితే ప్రయాణ కాలం ఒక శాతం పెరుగుతుంది. దిగే దూరం రెండు శాతం పెరుగుతుంది. అంటే ఒకటిన్నర సెంటీమీటర్లకి పైనే! అంతర్జాతీయ 300 మీటర్ల పోటీల్లో పది పాయింట్ల వలయం వ్యాసం 10 సెంటీమీటర్లు. దాన్లో మధ్య నుంచి అంచుకి ఉన్నది 5 సెంటీమీటర్లే. ఒకటిన్నర పోతే మిగిలేదెంత? దూరం పెరిగేకొద్దీ ఈ తేడా ఇంకా వేగంగా పెరుగుతుంది. వేగం ఒకేలా ఉండటానికి మందు తూకం, ప్రైమర్, కేసు లోపలి చోటు అన్నీ కలిసిరావాలి. అందులో మెడ బిగువూ ఒకటి. మాండ్రెల్ ఒక్కటే పతకం తెచ్చిపెట్టదు. కానీ అనుమానించాల్సిన వాటిలో ఒకటి తగ్గిస్తుంది.

మన దగ్గర కుదురుతుందా?

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లో కాంస్యం తెచ్చాడు. 2023లో జరిగిన హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో ఇషాసింగ్ పిస్టల్ విభాగాల్లో నాలుగు పతకాలు గెల్చుకుంది. 2022 డెఫ్లింపిక్స్‌లో ధనుష్ శ్రీకాంత్ ఎయిర్ రైఫిల్ స్వర్ణం సాధించాడు. వీళ్లని చూసి రైఫిల్ పట్టాలనుకునే పిల్లలు పెరుగుతున్నారు. అయితే ఎయిర్ రైఫిల్లో కేసూ ఉండదు, మందూ ఉండదు. చిన్న సీసం గుండు, గాలి... అంతే. .22లో కేసు మళ్లీ పనికిరాదు. కాబట్టి మన పిల్లల్లో ఎక్కువమందికి ఈ మాండ్రెల్ అవసరం ఇప్పట్లో రాదు. పెద్ద రైఫిళ్ల పోటీలకి వెళ్లేవాళ్లకే దాంతో పని.

ఇంకోటి... చట్టం! అమెరికాలో ఉన్న మన బంధువుల ఇంటి గరాజ్‌లో రీలోడింగ్ బల్ల చూసి, ఇక్కడా పెట్టుకోవచ్చనుకుంటే పొరపాటే. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడాన్ని 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ నిషేధిస్తుంది. 2019 సవరణ తర్వాత ఈ నేరానికి కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా జీవితఖైదు పడొచ్చు. అందుకే ఇది గుర్తింపు ఉన్న క్లబ్బు, కోచ్, లైసెన్సుల పరిధిలో తెలుసుకోవలసిన విద్యే తప్ప, ఇంట్లో చేసి చూసే ప్రయోగం కాదు.

ఇంట్లో నేర్పదగ్గ పాఠం

తూటాల మాట పక్కన పెట్టినా ఇందులో పిల్లలకి నేర్పదగ్గది ఒకటుంది. ఓ స్క్రూగేజ్ సంపాదించండి. తలవెంట్రుక, నోటుపుస్తకం కాగితం, అమ్మ చీర అంచులోంచి ఊడిన పట్టుపోగు... ఒక్కోదాన్ని మూడేసి సార్లు కొలిచి రాయమనండి. మూడుసార్లూ ఒకే అంకె వస్తోందా? రాకపోతే ఎందుకు? గట్టిగా బిగించారా? సున్నా చూసుకున్నారా? పది కాగితాలు ఒకదానిమీద ఒకటి పేర్చి కొలిచి పదితో భాగిస్తే ఏమొస్తోంది? ఫిజిక్స్ ల్యాబ్‌లో మార్కుల కోసం చేసే పని, ఇలా చేస్తే ఆటలా ఉంటుంది.

రైఫిల్ పట్టినా, మగ్గం పట్టినా, సుత్తి పట్టినా పనిమంతులు చెప్పే మాట ఒక్కటే. కడ్డీ మీద చెక్కిన అంకె తయారుచేసినవాడి మాట. చేతికొచ్చిన అంకె మన మాట. ఇత్తడి వినేది మాత్రం రెండోదే!